మండువా ఇంటి తలుపులు

తలుపు అంచు పావు అంగుళం తీస్తే గానీ చట్రంలో కూర్చోదన్నారు ఆచారిగారు. నేను వంటింట్లో ఉన్నాను. కాసేపటికి చిత్రిక చప్పుడు మొదలైంది. సర్రుమని ఒక లాగు, కొంచెం ఆగడం, మళ్ళీ సర్రుమని ఇంకో లాగు. ఆ వెనకే వాసన వచ్చింది. కొంచెం తోలు వాసన, కొంచెం ఘాటు, అడుగున నూనె జిడ్డు. స్టవ్ ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాను. నేల మీద సన్నటి చెక్క పొరలు చుట్టలు చుట్టుకుని పడి ఉన్నాయి. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే మా మామ్మ గదిలో ఉన్నట్టే అనిపించింది.

"బర్మా టేకమ్మా ఇది. ఇలాంటి చెక్క చేతికి తగిలి ఎన్నేళ్ళయిందో" అన్నారాయన, చిత్రిక అలుగు బొటనవేలితో తడుముకుంటూ.

ఆ తలుపులు మా ఊరివి. ఒకప్పుడు మా తాతయ్యగారింటి సింహద్వారం. ఇప్పుడు హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాట్‌లో నా పుస్తకాల గదికి వచ్చాయి. ఆ రోజు ఇంక ఏ పనీ సాగలేదు. గుర్తొచ్చినవన్నీ గుర్తొచ్చిన వరసలోనే రాసేస్తున్నాను.

* * *

మాది కోనసీమ. అమలాపురం దాటాక బస్సు దిగి, కాలవగట్టు మీద నడిచి వెళ్ళాల్సిన ఊరు. తాతయ్యగారిది మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, వసారాలు, మధ్యలో ఆకాశం. వాన వస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకే దూకేవి. మొదటి చినుకు పడగానే "గంగాళాలర్రా!" అని మామ్మ ఒక్క కేక పెట్టేది. పిల్లలమంతా ఇత్తడి గంగాళాలూ బిందెలూ దొర్లించుకుంటూ పోయి చూరు మూలల కింద పెట్టేవాళ్ళం. ఖాళీ గంగాళంలో ధార పడే చప్పుడు వేరు, సగం నిండాక వేరు, నిండి పొర్లేటప్పుడు వేరు. మామ్మ లోపలి గదిలో పడుకునే ఏ మూల గంగాళం నిండిందో చెప్పేసేది.

సింహద్వారం మూయడం తాతయ్య పని. ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. రెండు రెక్కలూ దగ్గరికి చేర్చి, గొళ్ళెం వేసి, గోడలో తొలిచిన బెజ్జంలోంచి అడ్డగడియ లాగేవారు. అది గరగరమంటూ అవతలి గోడలోకి వెళ్ళి ఠక్కున ఆగేది. ఆ ఠక్కు వినబడితే గానీ మాకు నిద్ర పట్టేది కాదు. తెల్లవారుజామున మళ్ళీ అదే గరగర, ఈసారి వెనక్కి. పాలేరు వచ్చాడన్నమాట. ఆ వెంటనే పశువుల మెడలో గంటలు, బావి దగ్గర గిలక కిర్రుమనడం, వంటింట్లో పొయ్యి ఊదుతున్న చప్పుడు.

ద్వారబంధం పైకమ్మి మధ్యలో గజలక్ష్మిని చెక్కారు. అటూ ఇటూ ఏనుగులు. ఎడమ ఏనుగుకి తొండం కొస విరిగిపోయి ఉండేది, ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలీదు. రెక్కల మీద వరసగా ఇత్తడి గుబ్బలు. పిల్లల చేతికందే వరసలు తళతళలాడేవి, పై వరసలు నల్లబడి ఉండేవి. శుక్రవారం శుక్రవారం మామ్మ గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది. ఏళ్ళ తరబడి రాసిన పసుపు చెక్క గీతల్లోకి ఇంకిపోయి గోరుతో గీకినా వచ్చేది కాదు.

తలుపు వెనక వైపు పాల లెక్క ఉండేది. బొగ్గుతో రోజుకో నిలువు గీత, పాలు రాని రోజు సున్న. నెలాఖరుకి మామ్మ గీతలు లెక్కపెట్టి, డబ్బులిచ్చి, తడిగుడ్డతో తుడిచేసేది. ఆఖరి నెల లెక్క మాత్రం ఎవరూ తుడవలేదు. పదకొండు గీతలు, ఒక సున్న, మళ్ళీ నాలుగు గీతలు. ఆచారిగారు పనిలోకి దిగకముందే చెప్పాను, ఆ వైపు గరుకు కాగితం తగలకూడదని.

చిలక్కొయ్యల సంగతి చెప్పకపోతే ఆ ఇల్లు పూర్తి కాదు. గోడలోకి దిగ్గొట్టిన కొయ్యకి చివర చిలక తల, వంకర ముక్కు. వసారా పొడుగునా ఉండేవి. ఏ కొయ్య ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్య కండువా, గొడుగు ఒకదానికి. చిన్నాన్న చొక్కా ఇంకోదానికి. వీధి గుమ్మానికి దగ్గరగా ఉన్నది మాత్రం ఖాళీగా ఉంచేవారు. అది వచ్చిన చుట్టానిది. ఆ కొయ్యకి సంచి తగిలించారంటే చుట్టం రాత్రికి ఉంటున్నాడనీ, మామ్మ ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోయాలనీ అర్థం.

* * *

ఆ టేకుని ఇంట్లో అందరూ రంగం టేకు అనేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. తాతయ్యగారి నాన్నగారు రంగూన్‌లో రైసు మిల్లు గుమాస్తా. అప్పట్లో కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచేవి. గోదావరి జిల్లాల నుంచీ ఉత్తరాంధ్ర నుంచీ వేలమంది ఎక్కి పోయేవారు. ఎక్కువమంది రేవుల్లో, మిల్లుల్లో కూలి పనికి. కొద్దోగొప్పో చదువుకున్నవాళ్ళు గుమాస్తాగిరికి. అక్కడి కలప ఓడల్లో ఇటు వచ్చేది. ఆయన ఏళ్ళ తరబడి పంపిన డబ్బు ఆ ఇల్లయింది. తలుపులు, స్తంభాలు మాత్రమే బర్మావి. వాసాలన్నీ మన ఏజెన్సీ టేకు. భద్రాచలం వైపు అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి చేరేవి, అక్కడి కలప అడితీల్లో కొనుక్కునేవారు.

తాతయ్య తమ్ముడు, మా చిన్నతాతయ్య, కుర్రతనంలో తండ్రి వెనకే రంగం వెళ్ళారు. 1941 డిసెంబరులో ఆ ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలు దొరకని లక్షలమంది మనవాళ్ళు కాలినడకన బయల్దేరారు. కొందరు అరకాన్ కొండల మీదుగా, కొందరు మణిపూర్ వైపు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. పక్కన నడిచే మనిషి కూర్చుంటే మళ్ళీ లేచేవాడు కాదట. చిన్నతాతయ్య ఇల్లు చేరి గుమ్మంలో నిలబడితే కన్నతల్లే గుర్తుపట్టలేదు. చంకలో ఒకటే వస్తువు. వెదురు అల్లి, దాని మీద లక్క పూసిన గుండ్రటి తమలపాకుల డబ్బా. ఎర్రటి పూత మీద సన్నటి నల్ల గీతలతో లతలు.

పెద్దాయనయ్యాక సాయంత్రాలు సింహద్వారం పక్కనే పడక కుర్చీ వేయించుకునేవారు. వక్కాకూ సున్నం అన్నీ ఆ డబ్బాలోనే. తలుపు రెక్క మీద చెయ్యి వేసి, "ఇది ఓడ మీద వచ్చిందే అమ్మాయ్, నేను కాళ్ళ మీద వచ్చాను" అనేవారు నాతో. నవ్వుతూ మొదలుపెట్టేవారు గానీ ఆ తర్వాత చాలాసేపు మాట్లాడేవారు కాదు.

ఆ డబ్బా ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. మూత అంచున లక్క లేచి లోపలి వెదురు అల్లిక కనిపిస్తుంది. దాన్ని అతికించమని ఎవరికీ ఇవ్వలేదు.

* * *

1996 నవంబరు తుపాను మా ఇంటి నడుం విరిచింది. కొబ్బరి తోటలు వరసలు వరసలుగా నేలకొరిగాయి. బంగాళా పెంకులు ఎగిరి వీధుల్లో పడ్డాయి. తాతయ్య అప్పటికి లేరు. పెంకులు మళ్ళీ కప్పించారు గానీ నీళ్ళు తాగిన గోడలు తిరిగి తేరుకోలేదు. ఆ తర్వాత పంపకాలు. మండువాకి మూడు వాటాలు వెయ్యడం ఎవరి తరమూ కాదు. విప్పేసి, స్థలం పంచుకుని, ఎవరి డాబా వాళ్ళు కట్టుకుందామనుకున్నారు. ఎవరినీ తప్పు పట్టను. వానకి కారే ఇంట్లో ముసలివాళ్ళని పెట్టుకుని నెట్టుకురావడం ఎంత కష్టమో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

రాజమండ్రి నుంచి పాత కలప వ్యాపారి వచ్చాడు. జేబులోంచి చిన్న చాకు తీసి స్తంభం మీద ఓ గాటు పెట్టి, రాలిన పొడి వాసన చూశాడు. వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. చెద తిన్న చెక్క బోలుగా పలుకుతుంది, గట్టి చెక్క కంగుమంటుంది. ఒక్కదానికీ చెద లేదు. లెక్కంతా ఘనపుటడుగుల్లో. చెక్కుడు పని గురించి నేను అడిగితే, "చెక్కుడున్న చోట పలక తియ్యలేమండి, అదంతా తరుగు కిందికే పోతుంది" అన్నాడు. గజలక్ష్మి, రెండు ఏనుగులు, స్తంభాల పైన పద్మాలు, అన్నీ అతని లెక్కలో తరుగు. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో గుచ్చుకుంటుంది. అతను కావాలని అన్నది కాదు, అతని వ్యాపారం అది. కోసి సోఫాలకీ మంచాలకీ అమ్ముకునేవాడికి నున్నటి పలక కావాలి.

ఇల్లు విప్పుతుంటే చూడ్డానికి మామ్మ రానంది. అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళిపోయింది. నేను ఉన్నాను. ముందు పెంకులు దించారు. తర్వాత బద్దెలు, వాసాలు, దూలాలు. పెద్ద కీళ్ళలో ఎక్కడా ఇనుప మేకు లేదు. దూలం కొసన కుసి దీసి, స్తంభంలో బెజ్జం తొలిచి, అందులో దింపి, అడ్డంగా చెక్క సీల కొట్టారు. మేస్త్రి ఎదురువైపు నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఆ సీల బయటికి జారి పడేది. అంత బరువు మోసిన కీలు అంత తేలిగ్గా విడిపోతుందని నేననుకోలేదు. కట్టిన వడ్రంగి ఎవరో గానీ, తర్వాతెప్పుడో విప్పే మనిషికి కూడా వీలు ఉంచి వెళ్ళాడు.

ద్వారబంధాలు ఆఖరున తీశారు. సింహద్వారం గడప లేపితే కింద రాగి రేకు, మట్టిలో కలిసిపోయిన నవధాన్యాల పొట్టు, నల్లగా మాడిపోయిన వెండి రూపాయి. తోమితే అయిదో జార్జి తల బయటపడింది. ద్వారబంధం ఎత్తిన రోజు వేసిందే అయ్యుండాలి. రూపాయి మామ్మకి పంపారు.

"తలుపులు నాకిచ్చెయ్ చిన్నాన్నా" అన్నాను.

"ఆడపిల్లవి, అద్దెకొంపలో ఉంటావు, తలుపులేం చేసుకుంటావే?"

"ఏదో ఒకటి చేస్తాను. కొయ్యనివ్వకండి."

చిన్నాన్న ఇంకేమీ అడగలేదు. తలుపులు రెండు రెక్కలు, పైకమ్మి, గుమ్మం పక్కన చిలక్కొయ్యలు, ఒక గంగాళం, ఇత్తడి కట్లున్న కుంచం. ఇవి నాకొచ్చినవి. అంబాజీపేట నుంచి హైదరాబాదు వచ్చే కొబ్బరికాయల లారీలో, కాయల లోడు మీద గోనెపట్టాలు చుట్టి పంపించారు. అద్దె ఇళ్ళు మారిన ప్రతిసారీ అవి కూడా మారాయి. మంచాల కింద, బీరువాల వెనక, ఒకచోట అయితే మెట్ల కింద. సొంత గోడ దొరికేదాకా అలాగే ఉన్నాయి.

* * *

ఉద్యోగం చేసిన రోజుల్లో గురువారం వస్తే నాకు కాలు నిలిచేది కాదు. జుమేరాత్ బజార్ ఆ రోజే. పురానాపూల్ దగ్గర, మూసీ మీద 1578లో కట్టిన ఆ పాత వంతెనకి కూతవేటు దూరంలో, నేల మీదే పరుచుకునే సంత. గోనెపట్టా మీద తాళంచెవుల కుప్ప, పక్కన పింగాణీ హోల్డర్లు, ఆ పక్కన మూత లేని టిఫిన్ క్యారియర్లు, గడియారాల లోలకాలు, ఏ ఇంటి పెళ్ళిదో తెలియని గ్రూపు ఫొటో. ఆఫీసుకి వెళ్ళేలోపు ఒక చుట్టు చుట్టి రావాలి. మంచివన్నీ పొద్దున్నే పోతాయి.

అక్కడ ఒక చాచా ఉండేవాడు. తెల్లగడ్డం, మోకాళ్ళ మీద దుప్పటి. నేను దూరంగా కనిపించగానే పట్టా కిందనుంచి ఏదో ఒకటి తీసేవాడు. "మీ కోసమే పక్కన పెట్టిన బేటీ" అనేవాడు. ఒకసారి గుడ్డలో చుట్టిన అద్దం తీశాడు. అంచులు ఏటవాలుగా చెక్కిన బెల్జియం అద్దం. పాదరసం అక్కడక్కడా లేచి నల్లటి మచ్చలు. "మొహం సాఫ్‌గా కనపడదు బేటీ, చెప్పలేదని అనకు" అన్నాడు ముందే. అద్దం వెనక పూతకి ఇంట్లో అందరూ పాదరసం అంటారు గానీ దీనిది వెండి పూత. తడి గాలి తగిలి నల్లబడుతుంది. మళ్ళీ పూత వేయించుకోమని చాలామంది అన్నారు. వేయిస్తే అది కొత్త అద్దమే అవుతుంది. నేనలాగే తగిలించాను. పొద్దున ఎనిమిదింటికి ఏటవాలు అంచు మీద ఎండ పడితే ఎదురు గోడ మీద రంగులు పడతాయి. ఆ కాసేపూ ఇల్లు పండగలా ఉంటుంది.

నల్లటి గుండ్రటి బేకలైట్ స్విచ్చులు కూడా ఆయన దగ్గరే కొన్నాను. మా ఊళ్ళో కరెంటు వచ్చినప్పుడు వేసిన స్విచ్చులు అవే. టేకు పలక మీద బిగించి ఉండేవి, గోడ పొడుగునా చెక్క పట్టీల మీద తీగలు పాకించేవారు. వేస్తే టక్కుమని గట్టిగా పలికేవి. వాటిని గోడకి పెడతానంటే ఎలక్ట్రీషియన్ కుర్రాడు భయపడ్డాడు. అతనన్నదీ నిజమే. గుడ్డ చుట్టిన పాత తీగ ఎంత అందంగా ఉన్నా ఇంట్లో వాడకూడదు, బేకలైట్ పాతబడితే పెళుసెక్కుతుంది. అందుకని వైరంతా కొత్తది లాగించి, పగుళ్ళు లేని ఒక్క స్విచ్చు మాత్రం చిన్న బల్బుకి పెట్టించాను.

రేడియో దొరకడానికి చాలాకాలం పట్టింది. తాతయ్య రేడియోకి మామ్మ దారంతో అల్లిన గుడ్డ కప్పేది. ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకు రావాలి, ఆ పుస్తకం రేడియో కిందే ఉండేది. మీట తిప్పిన వెంటనే పలికేది కాదు. వాల్వులు వేడెక్కాలి. ముందు స్టేషను కుదిరిందో లేదో చూపించే ఆకుపచ్చ కన్ను మెల్లగా వెలిగేది, వేడికి దుమ్ము కాలిన వాసన వచ్చేది, తర్వాత ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు విజయవాడ కేంద్రం దగ్గరయ్యేది. 1948 నుంచి నడుస్తున్న కేంద్రమది. మా ఇంట్లో భోజనాల వేళలూ, పొలం నుంచి మగవాళ్ళు వచ్చే వేళలూ దాని వార్తల్ని బట్టే నడిచేవి. అలాంటి వాల్వు రేడియో ఒకటి జుమేరాత్ బజారులో దొరికితే, విడిభాగాల కోసం కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగాం మావారూ నేనూ. బాగుచేసిన పెద్దాయన అది పలకగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "వినండి" అని ఊరుకున్నాడు. ట్రాన్సిస్టర్‌లో ఆ నిండు గొంతు రాదు. ఇది నా అభిప్రాయం కాబట్టి ఎవరైనా కాదనొచ్చు.

చాచా కొన్నేళ్ళ తర్వాత రావడం మానేశాడు. పట్టా పరిచే చోట వాళ్ళ అబ్బాయి ఛార్జర్లూ హెడ్‌ఫోన్లూ పెట్టుకుని కూర్చున్నాడు. అడిగాను. "అబ్బాజాన్ పోయారు మేడమ్" అన్నాడు. పట్టా మాత్రం ఆయనదే.

* * *

ఒకసారి తమిళనాడులో కారైక్కుడి వెళ్ళాం. చెట్టినాడు భవనాల సామానంతా అక్కడ మునీశ్వరన్ కోవిల్ వీధిలో అమ్ముతారు. స్తంభాలు గోడకి చేరేసి వరసగా నిలబెట్టారు, ఇంటి కప్పు లేకుండా. అదీ బర్మా టేకే. చెట్టియార్లు బర్మాలో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించిన డబ్బుతో ఆ భవనాలు కట్టారు. యుద్ధంతో బర్మా ఆస్తులు చేజారాక వాటిని నిలబెట్టుకోవడం కష్టమైంది. ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో వారసులు, ఒక్కొక్కటిగా విప్పి అమ్మేశారు. మా చిన్నతాతయ్య నడిచొచ్చిన దారిలోనే వాళ్ళ గుమాస్తాలూ నడిచి ఉంటారు.

ఒక పైకమ్మి మీద గజలక్ష్మిని చూసి ఆగిపోయాను. ధర అడిగి, చెక్క తడిమి వచ్చేశాను. మాది ఇంట్లో ఉంది కదా.

* * *

గంగాళం నల్లగా, లోపల చిలుమెక్కి వచ్చింది. చింతపండుతో తోమితే పైన మెరుపొచ్చింది గానీ లోపల కళాయి లేకుండా అందులో ఏదీ వండకూడదు. పులుపు తగిలితే చిలుమంతా కూరలోకి వస్తుంది. కళాయి వేసే మనిషి కోసం వెతకాల్సి వచ్చింది.

చిన్నప్పుడు వెతికే పనే లేదు. "కళాయీ... గిన్నెలకి కళాయీ..." అని చివర గొంతు సాగదీస్తూ అతనే వచ్చేవాడు. చింతచెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి గొట్టం అందులోకి పెట్టేవాడు. తిత్తి నొక్కితే బొగ్గులు ఎర్రబడటం, వదిలితే నల్లబడటం. వీధిలో పిల్లలందరం చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్ళం. గిన్నె బాగా కాలాక నవాసాగరం పొడి చల్లేవాడు. గుప్పుమని తెల్లటి పొగ, ముక్కు అదిరే ఘాటు. అప్పుడు తగరం కడ్డీ కొస ఒకసారి గిన్నెకి తాకించి, దూదితో గిర్రున తిప్పేవాడు. నల్లటి గిన్నె లోపలంతా ఒక్క చుట్టులో వెండిలా తెల్లబడేది. వెంటనే నీళ్ళలో ముంచేవాడు, సుయ్యిమనేది. ఎన్నిసార్లు చూసినా ఆ ఒక్క చుట్టు కోసం మళ్ళీ కూర్చునేవాళ్ళం.

తర్వాత స్టీలు వచ్చింది. పాత ఇత్తడి ఇస్తే స్టీలు గిన్నెలిస్తామని గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. మా అమ్మ నాలుగు బరువైన బిందెలిచ్చి తేలికైన గిన్నెల సెట్టు తీసుకుంది. అమ్మకి అది గొప్ప సుఖం. తోమే చెయ్యి ఆమెది, మోసే నడుం ఆమెది. బిందెలు పోయాయని ఇప్పుడు నేను బాధపడతాను గానీ, ఆ బరువు నేను మొయ్యలేదు.

గంగాళానికి బేగంబజార్‌లో కళాయి వేయించాను. సంక్రాంతికి అందులోనే పరమాన్నం వండుతాం.

* * *

ఈ పాత సామాన్ల దుకాణాలు తిరిగి తిరిగి ఒకటి గమనించాను. అక్కడ దొరికేవన్నీ పెద్దిళ్ళ వస్తువులే. టేకు, ఇత్తడి, గాజు. మా ఇంట్లో నాట్లకీ కోతలకీ వచ్చిన వాళ్ళ ఇళ్ళలోని వస్తువు ఒక్కటీ ఏ దుకాణంలోనూ కనపడదు. తాటాకు బుట్టలు, వెదురు చేటలు, మట్టి కుంపట్లు, నులక మంచాలు. అవి చేతిపని కాదా? మా ఇంట్లో చాకిరీ చేసిన ఒకావిడ తాటాకుతో అల్లిన బుట్టలో నీళ్ళు పోసినా చుక్క కారేది కాదు. చేతులు అల్లుతూంటే కళ్ళు మాతో మాట్లాడుతూ ఉండేవి. ఆ బుట్టలు వాడి వాడి చిరిగితే పొయ్యిలోకి పోయేవి. మళ్ళీ కొత్తది అల్లేవారు. దాచుకోవాల్సిన వస్తువని ఆవిడా అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

ఊరెళ్ళినప్పుడు ఆవిడ కోడలు నాకో బుట్ట అల్లి ఇచ్చింది. మా ఇంట్లో దానికి బెల్జియం అద్దంతో సమానమైన చోటు ఉంది, గుమ్మం పక్కన, కూరగాయలకి.

కుంచం కూడా పనిలోనే ఉంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. మామ్మ నేర్పిన లెక్క. కిలోల చట్టం 1956లో వచ్చినా మా గాదె దగ్గర చాలాకాలం కుంచాలే నడిచాయి. కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవారు తాతయ్య, తర్వాతే రెండు, మూడు. కుంచంలో నేను గొడుగులు పెట్టలేదు, ఎండుపూలు పెట్టలేదు. బియ్యమే పోసుకుంటాను.

ఇంట్లోకి పాత వస్తువులు తెచ్చుకునేవాళ్ళతో నాకున్న పేచీ ఇదొక్కటే. రోట్లో మొక్కలు నాటడం, తిరగలి తెచ్చి లాన్‌లో పడెయ్యడం, మంచి తలుపు మీద గాజు పరిచి టీపాయ్ చెయ్యడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. తలుపు తెరవాలి, మూయాలి. రోట్లో పచ్చడి నూరాలి. ఇంకా ఘోరం కొత్త చెక్కకి యాసిడ్ పోసి, గొలుసుతో కొట్టి, పాతదని అమ్మడం. అసలు పాత చెక్కకి అరుగుదల ఒకేచోట ఉంటుంది, చెయ్యి పడే చోట, కాలు పడే చోట. నకిలీది అంతటా సమానంగా అరిగి ఉంటుంది. కొనేముందు అదొక్కటి చూసుకుంటే చాలు.

ఆచారిగారు తలుపుల పని చేసిన తీరు నాకు నచ్చింది. పైన ఆకుపచ్చ ఎనామెల్, కింద నీలం, దాని కింద ఇంకేదో. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా రుద్దితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని నీళ్ళు చిలకరిస్తూ, ముక్కుకి మాస్కు కట్టుకుని, గీకుడు రేకుతో పొర పొరా తీశారు. గజలక్ష్మి కిరీటం దగ్గర మాత్రం సన్నటి ఉలి కొస వాడారు. పూర్తవడానికి వారం పైనే పట్టింది. వార్నిష్ వద్దన్నారు. మరగబెట్టిన అవిసె నూనె గుడ్డతో పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూశారు. పని అయిపోగానే నూనె గుడ్డల్ని బకెట్ నీళ్ళలో ముంచేశారు. కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయట, వాళ్ళ గురువుగారి షెడ్డు అలాగే కాలిందని చెప్పారు.

విరిగిన తొండం కొత్తది చేసి అతికిస్తానన్నారు. వద్దన్నాను. ఆయనా ఒప్పుకున్నారు.

చిలక్కొయ్యలు హాల్లో, గుమ్మం పక్కన దిగ్గొట్టించాను. మా మనవడు వచ్చీరాగానే స్కూలు బ్యాగు మొదటిదానికి తగిలిస్తాడు. అది చుట్టాలదిరా అంటే వినడు.

నిన్న రాత్రి చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. కాలవ అవతల పెద్ద అరుగుల ఇల్లు వచ్చే నెలలో విప్పుతున్నారట. "అక్కా, ఉయ్యాలబల్ల ఉంది, ఇత్తడి గొలుసులతో సహా. వ్యాపారి గొలుసులు వేరుగా, బల్ల వేరుగా బేరం పెడుతున్నాడు" అన్నాడు. రెండూ విడదీయనివ్వొద్దని చెప్పాను. మా హాలు శ్లాబు అంత బరువు మోస్తుందో లేదో ఇంజనీరుని అడగాలి. కొలతలు తీసి వాట్సాప్‌లో పంపమన్నాను, గొలుసు పొడుగు కొక్కెంతో కలిపి.